థాయ్ కోడలు, తెలుగు ఇల్లు: పెళ్లి కాగితాల నుంచి పిల్లల పాస్‌పోర్టు దాకా

మా పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు నాన్న ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "వాళ్లేమైనా అడుగుతున్నారా?" అని. అడుగుతున్నారని చెప్పాను. డబ్బూ బంగారమూ రెండూ మనమే ఇవ్వాలన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని, "మా అమ్మమ్మకి ఓలి ఇచ్చి చేసుకున్నారట రా, అలాంటిదేనా?" అంది. అలాంటిదే అన్నాను. ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ తీరింది.

థాయ్‌లాండ్‌లో ఖోన్ కేన్ వైపు అమ్మాయిని చేసుకుని పదకొండేళ్లు అయింది. మేముండేది బ్యాంకాక్‌లో. ఏడాదికోసారి గుంటూరు దగ్గర మా ఊరికి వెళ్తాం. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటుంది. పరాయి పద్ధతి కదా అని జాగ్రత్తపడ్డ చోట మాకు పెద్దగా ఇబ్బంది రాలేదు. "ఇదీ మన లాంటిదే" అని ధీమాగా ఉన్న చోటే దెబ్బతిన్నాం. అక్కడా చేతులు జోడించి దణ్ణం పెడతారు, ముహూర్తం చూస్తారు, తమలపాకులతో పెళ్లి మొదలుపెడతారు. అందుకే లోపల తేడా ఉంటుందని తట్టదు. కింద రాసిన వరుసలోనే పనులు చేసుకోమని నా సలహా. నేను మగవాణ్ణి కాబట్టి అటువైపు నుంచే రాశాను. థాయ్ అబ్బాయిని చేసుకుంటున్న తెలుగు అమ్మాయిలకు కాగితాల సంగతి దాదాపు ఇదే.

మొదటి అడుగు: డబ్బు మాట ముందే తేల్చుకోండి

పెళ్లికొడుకు వైపు నుంచి అమ్మాయి తల్లిదండ్రులకు ఇచ్చే సొమ్మును సిన్ సోత్ అంటారు. పిల్లను పెంచినందుకు చూపే గౌరవం అది. అమ్మాయికి పెట్టే నిశ్చితార్థపు బంగారం వేరు, దాన్ని థాంగ్ మన్ అంటారు. రెండింటినీ పళ్లెంలో పెట్టి అందరి ముందు చూపిస్తారు, ఫొటోలు తీస్తారు. కొందరు తల్లిదండ్రులు పెళ్లయ్యాక ఆ సొమ్ములో కొంతో మొత్తమో జంటకే తిరిగి ఇచ్చేస్తారు. ఇస్తారని మాత్రం మీరు లెక్క వేసుకోకండి, ఆ మాట మీ నోటి నుంచి రానీయకండి.

ఎంత అన్నది అమ్మాయి నోటితో చెప్పదు. ఆమెను "నీకెంత కావాలి?" అని అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. "మీ ఊళ్లో ఈ మధ్య జరిగిన పెళ్లిళ్లలో ఎంత పెట్టారు?" అని అడగండి. దాన్నిబట్టి మీ శక్తి ఎంతో చెప్పి, వాళ్లలో ఒక పెద్దమనిషి ద్వారా మాట కలపండి. అప్పు చేసి పళ్లెం నింపితే తర్వాత ఆ అప్పు తీర్చేది మీ ఇద్దరే.

బంగారం దగ్గర ఒక పొరపాటు జరుగుతుంది. థాయ్‌లాండ్‌లో బాట్ అంటే డబ్బూ అవుతుంది, బంగారం తూకమూ అవుతుంది. నగల్లో ఒక బాట్ తూకం 15.16 గ్రాములు. అంటే "ఐదు బాట్ల బంగారం" అన్నప్పుడు దాదాపు ఏడున్నర తులాలు. మా నాన్న మొదట ఐదు బాట్ల ఖరీదు చేసే బంగారం అనుకున్నారు. అక్కడి బంగారం 96.5 శాతం స్వచ్ఛత, మన 22 క్యారెట్ల కంటే ఎక్కువ. నగను మన దేశానికి తెచ్చి కరిగించి చేయించాలనుకుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

మన వైపు నుంచి వాళ్లను ఏదీ అడగకూడదు. వరకట్నం 1961 చట్టం ప్రకారం నేరం, పైగా థాయ్ తల్లిదండ్రులకు ఆ ఊహే అర్థం కాదు.

సిన్ సోత్ ఒక్కసారితో అయిపోతుంది. నెలనెలా అమ్మానాన్నలకు పంపే డబ్బు అలా కాదు. కతన్యూ అనే మాట వింటారు. అది పాళీ నుంచి వచ్చింది, మన కృతజ్ఞతకు చుట్టం. సంపాదించే కూతురు తల్లిదండ్రులకు పంపడం అక్కడ ధర్మం. ఈసాన్ (థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం) పల్లెల్లో చిన్న కూతురు పుట్టింట్లోనే ఉండి తల్లిదండ్రులను చూసుకోవడం, ఇల్లు ఆమెకే రావడం పాత ఆనవాయితీ. అల్లుడు అత్తారింట్లో ఉంటే అక్కడ ఎవరూ ఇల్లరికం అని చులకన చేయరు. కాబట్టి కాపురం పెట్టిన మొదటి నెల నుంచే ఇంటి బడ్జెట్‌లో రెండు వరుసలు రాసుకోండి: వాళ్ల అమ్మానాన్నలకు ఇంత, మన అమ్మానాన్నలకు ఇంత, ఫలానా తారీఖున. మేం రెండేళ్ల పాటు ఇది రాసుకోలేదు. మా మధ్య వచ్చిన గొడవల్లో ఎక్కువ భాగం ఆ రెండేళ్లలోనివే.

రెండో అడుగు: పేరు అక్షరం పొల్లుపోకుండా

నవ్వులాటగా కనిపిస్తుంది కానీ మన తెలుగువాళ్లకు ఇదే పెద్ద తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి ఒక్క పొడి అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరోలా. ఈ పేరును థాయ్ లిపిలోకి మార్చినప్పుడు రాసేవాళ్లను బట్టి రూపం మారుతుంది. నా పేరును ఒక అనువాద దుకాణంలో రెండు కాగితాల మీద రెండు రకాలుగా రాశారు, నేను చూసుకోలేదు. రిజిస్ట్రేషన్ రోజున కౌంటర్‌లో ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒక అక్షరం మీద పెన్ను కొన ఆనించి, తల అడ్డంగా ఊపింది. సాక్షులు పని మానుకుని వచ్చారు. అందరం వెనక్కి వెళ్లాం.

అందుకే ముందు పాస్‌పోర్టులో పేరు సరిచేసుకోండి. తర్వాత థాయ్ లిపిలో మీ పేరు ఎలా రాయాలో మీ ఆవిడతో కూర్చుని ఒక్కసారి ఖాయం చేసి, ఫోన్‌లో దాచుకోండి. ఏ అనువాదకుడికైనా అదే చూపించండి. తారీఖులూ చూసుకోవాలి. థాయ్ కాగితాల మీద బౌద్ధ శకం ఉంటుంది, మన సంవత్సరానికి 543 కలపాలి. 2025 అక్కడ 2568.

మూడో అడుగు: పెళ్లి రిజిస్ట్రేషన్

సన్యాసులు దీవించినా, పురోహితుడు మంత్రం చదివినా, చట్టం దృష్టిలో పెళ్లంటే రిజిస్టరులో సంతకమే. ఎక్కడ చేయించుకోవాలో ముందే నిర్ణయించుకోండి.

థాయ్‌లాండ్‌లో అయితే: బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం నుంచి మీరు అవివాహితులనో, విడాకులు తీసుకున్నవారనో ధ్రువీకరణ తీసుకోవాలి. దాన్ని థాయ్‌లోకి అనువదించి, చేంగ్ వత్తనాలోని విదేశాంగ శాఖ ధ్రువీకరణ విభాగంలో ముద్ర వేయించాలి. ఆ తర్వాత అంపో అనే మండల స్థాయి కార్యాలయానికి, బ్యాంకాక్‌లో అయితే ఖేత్‌కు, ఇద్దరు సాక్షులతో వెళ్లాలి. మీకు థాయ్ రాకపోతే అనువదించే మనిషి కూడా కావాలి. చెరో ధ్రువపత్రం ఇస్తారు, దాన్ని కో రో 3 అంటారు. రిజిస్టరు వివరాలుండే కో రో 2 కూడా అడిగి తీసుకోండి, వీసాకు అదే ముఖ్యం. అమ్మాయికి అంతకుముందు విడాకులైనా, భర్త పోయినా, 310 రోజులు ఆగాకే మళ్లీ పెళ్లి చేసుకోవాలన్న నిబంధన ఒకటుంది. గర్భం లేదని వైద్య ధ్రువీకరణ ఉంటే దానికి మినహాయింపు దొరుకుతుంది. మన ప్రభుత్వ పనులకోసం ఈ ధ్రువపత్రాన్ని ఇంగ్లిష్‌లోకి మార్పించి, మళ్లీ చేంగ్ వత్తనాలో ముద్ర వేయించి, మన ఎంబసీలో ధ్రువీకరించుకోండి. మూడు కాపీలు ఒకేసారి చేయించండి.

మన దేశంలో అయితే: 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం దారి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. అమ్మాయి తన అంపో నుంచి అవివాహిత ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఈ లెక్కన రెండు నెలలు పడుతుంది కాబట్టి ఆమె వీసా గడువు దానికి సరిపోయేలా చూసుకోండి. తర్వాత ఆమె థాయ్‌లాండ్‌లో ఈ విదేశీ పెళ్లిని తన కుటుంబ రికార్డులో ఎక్కించుకోవాలి, ఆ నమోదు పేరు కో రో 22. ఇది చాలామంది మర్చిపోతారు. అప్పుడు అక్కడి రికార్డుల్లో ఆమె ఇంకా పెళ్లికానిదే.

ఒకే లింగానికి చెందిన జంటలకు థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 22 నుంచి పెళ్లి హక్కు వచ్చింది. మన దేశంలో ఆ పెళ్లికి చట్టపరమైన గుర్తింపు లేదు, కాబట్టి భార్యాభర్తలుగా భారత వీసా, ఓసీఐ (విదేశీయులైన భార్యకో భర్తకో మన దేశం ఇచ్చే దీర్ఘకాల నివాస కార్డు) దారులు వాళ్లకు మూసుకునే ఉన్నాయి.

నాలుగో అడుగు: ఆస్తి

థాయ్ చట్టంలో పెళ్లికి ముందున్నది సిన్ సువన్ తువ, అంటే ఎవరిది వారికే. పెళ్లి తర్వాత సంపాదించింది సిన్ సోమ్రోత్, ఇద్దరిదీ. ఇంకేదైనా ఒప్పందం కావాలంటే పెళ్లి రిజిస్టరయ్యే రోజునే, ఇద్దరు సాక్షుల సంతకాలతో దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. మర్నాడు గుర్తొస్తే లాభం లేదు.

విదేశీయుడు అక్కడ భూమి కొనలేడు. భార్య పేరున కొనొచ్చు కానీ, ఆ డబ్బు ఆమె సొంతమేనని మీరు సంతకం పెట్టాలి. పొలం గట్టు మీద పుట్టినవాళ్లం మనం. డబ్బు పెట్టి, "ఇది నాది కాదు" అని రాసివ్వడం అంత తేలిక కాదు. సంతకం పెట్టే ముందు దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోగలరా అని ఆలోచించుకోండి. ఒప్పుకోలేకపోతే రెండు దారులున్నాయి. ఆ భూమి మీద జీవితాంతం అనుభవ హక్కును చనోద్ అనే హక్కు పత్రంలో రాయించుకోవచ్చు. లేదా మీ పేరునే కాండో, అంటే అపార్ట్‌మెంటులో ఫ్లాటు, కొనుక్కోవచ్చు. భవనం మొత్తం విస్తీర్ణంలో 49 శాతం దాకా విదేశీయులకు వీలుంది, డబ్బు బయటి దేశం నుంచి వచ్చినట్టు బ్యాంకు కాగితం ఉండాలి. ఆమెకు మన దగ్గర ఓసీఐ వచ్చినా వ్యవసాయ భూమి కొనే హక్కు రాదు. రెండు దేశాల ఆస్తులకూ విడివిడిగా వీలునామాలు రాసుకోండి.

ఐదో అడుగు: వీసాలు

మీరు అక్కడ ఉండాలంటే నాన్ ఇమిగ్రెంట్ ఓ వీసా, దాని మీద ఏడాదికోసారి పొడిగింపు. దరఖాస్తుకు ముందు రెండు నెలల పాటు మీ పేరున థాయ్ బ్యాంకులో 4,00,000 బాట్లు ఉండాలి, లేదా నెలకు 40,000 బాట్ల ఆదాయం చూపాలి. పొడిగింపు ఫీజు 1,900 బాట్లు. కొత్తగా తీసిన కో రో 2, ఇంటికి దారి గీసిన మ్యాపు, ఇంట్లో ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు కూడా అడుగుతారు. ప్రతి 90 రోజులకూ ఇమిగ్రేషన్ వాళ్లకు చిరునామా చెప్పాలి. దేశం దాటే ముందు రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, ఒకసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లయినా అయితే 3,800. ఇంట్లో ఎవరో పోయారని కబురొచ్చి పరుగెత్తినప్పుడు ఇదే మర్చిపోతాం, పొడిగింపు మొత్తం రద్దవుతుంది. అందుకే ఏటా మొదట్లోనే 3,800 కట్టేయండి.

ఆమె మన దగ్గర ఉండాలంటే ఎంట్రీ వీసా. 180 రోజులకు మించిన వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల నమోదు కార్యాలయంలో, నమోదు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాక ఓసీఐకి అర్హత. విడాకులైతే ఓసీఐ పోతుంది. మీ పాస్‌పోర్టులో ఆమె పేరు భార్యగా ఎక్కించుకోవడం ఈ పనులన్నిటికీ ముందు చేయాల్సింది.

ఆరో అడుగు: పెళ్లి తంతు

థాయ్ పెళ్లిలో ఖన్ మాక్ అని ఊరేగింపు, అంటే తాంబూలం గిన్నె పట్టుకుని పెళ్లికొడుకు రావడం. దారిలో అమ్మాయి స్నేహితులు గొలుసులు అడ్డంపెట్టి కవర్లు అడుగుతారు. మన ఆడపడుచులు గుమ్మం దగ్గర ఆపి పేర్లు చెప్పించుకున్నట్టే. చిన్న నోట్లు పెట్టిన కవర్లు ఇరవై ముప్పై దగ్గరుంచుకోండి.

మన పెళ్లిలో మాత్రం ఒక ఘట్టం గురించి వాళ్లతో ముందే మాట్లాడి తీరాలి. కన్యాదానంలో ఆడపిల్ల తల్లిదండ్రులు అల్లుడి కాళ్లు కడుగుతారు. థాయ్‌వాళ్లకు ఒంట్లో పాదం అన్నిటికంటే తక్కువది, తల అన్నిటికంటే పవిత్రం. పెద్దవాళ్లు కూర్చుని చిన్నవాడి కాళ్లు కడగడం చూస్తే బంధువులంతా బిత్తరపోతారు. మేం ఆ ఒక్కటి వదిలేశాం, పురోహితుడు కూడా మారు మాట్లాడలేదు. జీలకర్ర బెల్లం తల మీద పెట్టడం, తలంబ్రాలు పోయడం కూడా ముందే చెప్పి ఉంచితే వాళ్లు సంతోషంగా చేస్తారు.

ఏడో అడుగు: ఇంట్లో మాట, ఇంట్లో వంట

క్రెంగ్ జై అనే మాట రోజూ వింటారు, ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్న సంకోచం అది. మన మొహమాటమే అనుకుంటాం. కాదు. మన ఇంట్లో అతిథి "వద్దు" అంటే అది మర్యాద, వడ్డించేవాళ్లు రెండుసార్లు బలవంతం చేస్తారు, మూడోసారి వేయించుకుంటాం. థాయ్ ఇంట్లో "వద్దు" అంటే గిన్నె వెనక్కి వెళ్లిపోతుంది, మనం ఆకలితో లేస్తాం. అదే మా ఊళ్లో మా ఆవిడ సంగతి తిరగబడింది. అమ్మ వేస్తూనే ఉంది, పెద్దావిడకు వద్దని చెప్పలేక ఆమె తింటూనే ఉంది. రాత్రంతా కడుపునొప్పి. అప్పటి నుంచి ఒక గుర్తు పెట్టుకున్నాం. విస్తరి మీద చెయ్యి అడ్డంపెడితే నిజంగా చాలని, ఎవరూ నొచ్చుకోకూడదని.

గొంతు సంగతీ అంతే. మా ఇంట్లో కరెంటు బిల్లు గురించి మాట్లాడుకున్నా పక్క వీధికి వినిపిస్తుంది. మొదటి రెండు రోజులు ఆమె మా ఇంట్లో కొట్లాట జరుగుతోందనుకుంది. కోపం వస్తే ఆమె అరవదు, మౌనంగా అయిపోతుంది. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. నలుగురిలో తప్పు పట్టకండి. అన్నం తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు, "ఇలా చేద్దామా, అలా చేద్దామా?" అని రెండు దారులు చూపి అడిగితే మాట బయటికొస్తుంది.

పిలుపుల దగ్గర కూడా జాగ్రత్త. థాయ్ భార్య వయసులో పెద్దవాడైన భర్తను "పీ" అంటుంది. దాని అసలు అర్థం అన్న లేదా అక్క. మా ఊళ్లో ఎవరో అర్థం అడిగితే చెప్పేశాను. ఆ పూట మా అత్తయ్య ముఖం చూడలేకపోయాను. "ఏవండీ లాంటిదే" అని చెబితే సరిపోయేది. బావా మరదళ్ల వేళాకోళం ముందే ఆమెకు వివరించండి. థాయ్‌లో మేనత్త కొడుకైనా పెద్దనాన్న కొడుకైనా తోబుట్టువుతో సమానమే, వాళ్ల మధ్య పెళ్లి మాట సరదాకైనా రాదు. మరోవైపు అమ్మమ్మ, నానమ్మల తేడా వాళ్లకు బాగా తెలుసు. అమ్మ తల్లి యాయ్, నాన్న తల్లి యా.

భాష నేర్చుకోండి. ఐదు స్వరస్థాయిలున్నాయి. క్లై అనే మాట ఒక స్థాయిలో దగ్గర, ఇంకో స్థాయిలో దూరం. కానీ మనకు చుట్టరికం ఉన్న మాటలూ బోలెడు. భార్యను ఫన్రయా అంటారు, భర్తను సామీ అంటారు. శాకాహారానికి మంగ్‌సవిరత్ అంటారు, అది మన మాంసవిరతి.

ఆ మాటను నమ్మి కూర తినేయకండి మరి. కూరగాయల వేపుడులో కూడా నామ్ ప్లా అనే చేపల రసం పడుతుంది. అమ్మ కార్తీకమాసంలో నీచు ముట్టదు, ఉల్లి వెల్లుల్లి కూడా తినదు. ఆమెకు సరిపోయే మాట "జే". పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్లో నీచు ఉండదు, ఉల్లి వెల్లుల్లీ ఉండవు. ఇంట్లో అయితే ఒక మూకుడు, ఒక గరిటె అమ్మకోసం విడిగా పెట్టాం.

అమ్మ మొదటిసారి ఖోన్ కేన్ వచ్చినప్పుడు మా అత్తగారు వంటింట్లో చాప మీద కూర్చుని మునక్కాయల తోలు పూర్తిగా గీరేస్తోంది. మునగను వాళ్లు మరుమ్ అంటారు, చింతపండు పులుసుతో కేంగ్ సోమ్ చేస్తారు. అమ్మ ఒక కాయ తీసుకుని, పైపైన నార లాగి, ముక్కలు కోసి, ఎలా నమిలి పిప్పి ఉమ్మాలో నోటితో చేసి చూపించింది. ఇద్దరికీ ఒక్క మాట తెలియదు. ఆ పూట రెండు పులుసులు దించారు, ఒకదాంట్లో చేప, ఒకదాంట్లో బెల్లం.

ఎనిమిదో అడుగు: పండగలు, చావులు

పండగలు తేలిక. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, ఆ మూడు రోజులూ అత్తారింటికి కేటాయించండి, పెద్దల చేతుల మీద నీళ్లు పోసి దీవెన తీసుకోవాలి. లోయ్ క్రతోంగ్ మన కార్తీక పౌర్ణమి నాటిదే. అరటి దొప్పలో దీపం వదలడం మా ఆవిడ మా ఊరి కాలువలోనూ చేస్తుంది, ఎవరికీ కొత్తగా అనిపించదు.

చావు దగ్గర జాగ్రత్త. మనకు మైల ఉంటే గుడి గడప తొక్కం. వాళ్లకు అంత్యక్రియలన్నీ గుడిలోనే జరుగుతాయి, రోజుల తరబడి సాయంత్రాలు సన్యాసుల పఠనం, భోజనాలు, చివరికి దహనం కూడా అక్కడే. మా తాతయ్య పోయిన వారానికి మా ఆవిడ పుణ్యం కోసం గుడికి బయల్దేరింది. అది ఆమె చూపగలిగిన పెద్ద ప్రేమ. మా బాబాయి కేకలేశాడు. తప్పు నాది, ముందే రెండువైపులా చెప్పి ఉండాల్సింది. పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే దీని గురించి మాట్లాడుకోండి.

తొమ్మిదో అడుగు: పిల్లలు

థాయ్‌లాండ్‌లో పుడితే 15 రోజుల్లో జననం నమోదు చేయించి, తబియన్ బాన్ అనే ఇంటి పుస్తకంలో పేరు ఎక్కించాలి. పెళ్లి రిజిస్టరు కాకపోతే తండ్రికి బిడ్డ మీద చట్టపరమైన హక్కు దానంతటదే రాదు. తల్లి థాయ్ అయితే బిడ్డ థాయ్ పౌరురాలే. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. భారత పౌరసత్వం కావాలంటే ఏడాదిలోపు ఎంబసీలో నమోదు చేయించాలి, అప్పుడు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. మేం థాయ్ పాస్‌పోర్టు, ఓసీఐ కలిపి ఎంచుకున్నాం. రెండు పాస్‌పోర్టులూ తీసి ఒకటి దాచిపెట్టే పని చేయకండి.

కొడుకైతే ఇంకో లెక్కుంది. 17వ ఏట సైనిక జాబితాలో పేరు, 21వ ఏట ఏప్రిల్‌లో చీటీ. ఎర్ర చీటీ వస్తే సైన్యం, నల్లది వస్తే ఇంటికి. హైస్కూల్లో మూడేళ్లు రో దో అనే విద్యార్థుల సైనిక శిక్షణ పూర్తిచేస్తే ఆ చీటీ తప్పుతుంది. అమ్మమ్మ కొన్నాళ్లు మనవడికి కాషాయం కట్టించాలని కూడా కోరుకుంటుంది. మన ఒడుగు లాంటిదే అని మీ వాళ్లకు చెప్పొచ్చు, కానీ జుట్టూ కనుబొమలూ గీసేస్తారని ముందే చెప్పండి.

కాన్పు తర్వాత బాలింత పథ్యం విషయంలో ఇద్దరు అమ్మలూ ఒకటే అవుతారు, కంగారు పడకండి. వాళ్లకు యూ ఫై ఉంది, నిప్పు వేడిలో బాలింతను కాపడం. మనకు కారంపొడి, నెయ్యి అన్నం ఉన్నాయి. డాక్టరు ఏది వద్దంటే అది ఇద్దరికీ చెప్పాల్సింది మీరే.

భాష విషయంలో మా ఇంట్లో నియమం ఒకటే. నేను పాపతో తెలుగే, వాళ్లమ్మ థాయే. ఇంగ్లిష్ బడి చూసుకుంటుంది. మొదటి మూడేళ్లు పాప తెలుగులో అర్థం చేసుకుని థాయ్‌లో జవాబిచ్చేది. నేను మారలేదు. ఇప్పుడు ఆదివారం పొద్దున నానమ్మకు వీడియో కాల్ చేసి, వారం రోజుల్లో బళ్లో ఏం పెట్టారో తెలుగులో చెబుతుంది, మధ్యలో మాట దొరక్కపోతే నావైపు చూస్తుంది.